అక్తరున్నీసా ఎడమచెయ్యి

“ఎవరినడిగి సంతకం పెట్టినావు?”

పొద్దున లేచినప్పటి నుంచి అక్తరున్నీసా ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. ఖాజా మొహిద్దీన్ వసారాలో గోడకానుకుని, పెళ్లాం మొహం వైపు చూడలేక, కొక్కేనికి వేలాడుతున్న గాజుల మలారం వైపు చూస్తూ కూర్చున్నాడు. తాళ్లకు గుత్తులుగా గుచ్చిన ఎర్రవీ పచ్చవీ గాజులు. ఇరవై రెండేళ్లుగా ఆ బరువు ఆమె ఎడమ భుజం మీదే అల్లూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది.

“నోరు లేదా నీకు? డాక్టరు ముందర ఉండింది గదా!”

“అన్నం తిన్నాక అడగొచ్చు గదమ్మే, వాడేమన్నా పారిపోతాడా?” అంది వంటింటి గడపలో నుంచి నాగూర్‌బీ. ఖాజా మొహిద్దీన్‌కు అక్క. మొగుడు పోయినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉంటోంది.

“ఆకలి లేదు వదినా.”

“నిన్నటి నుంచీ లేదు. మద్రాసు టేషన్లో పోగొట్టుకుని వచ్చినావా యేంది, ఆకలిని?”

వేరే రోజయితే అక్తరున్నీసా నవ్వి ఉండేది. ఈవేళ చాప మీద అటు తిరిగి కూర్చుంది.

మద్రాసు ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి, అది క్యాన్సరేనని తేల్చిన రోజు, డాక్టరు మగవాళ్లిద్దరినీ వరండాలోకి పిలిచి మాట్లాడాడు. ఆమె లోపల బల్ల మీద కూర్చుని ఉంది. తలుపు సందులో నుంచి భర్త చొక్కా వీపూ, తమ్ముడు మహబూబ్ బాషా ఆడించే తలా కనిపించాయి, అంతే. రైల్లో అడిగితే “చిన్న ఆపరేషనేలే అక్కా” అన్నాడు తమ్ముడు. సోమవారం మంచం ఇస్తామన్నారన్నాడు. నమ్మింది.

నిన్న సాయంత్రం, బాషా పెరట్లో నాగూర్‌బీతో గుసగుసగా అంటున్న మాట చెవిన పడింది. “చెయ్యి మునుపట్లా పనికి రాకపోవచ్చునంట. బావ సంతకం పెట్టేసినాడు. అక్కకు చెప్పబాక.”

అప్పటి నుంచీ ఈ ఇంట్లో పొయ్యి రాజుతోంది గానీ ఎవరి గొంతులోనూ ముద్ద దిగడం లేదు.

గాజు ఎక్కించేది కుడిచెయ్యే. కానీ ఎదుటి మనిషి చేతిని పట్టుకుని, బొటనవేలి కింది కండను ఒత్తి ఒత్తి మెత్తపరిచి, ఎముకను మడిచి దారి చేసేది ఎడమచెయ్యి. ఆ ఒత్తు తెలియని వాళ్లు గాజులు అమ్మగలరేమో గానీ తొడగలేరు. పసిపిల్లలైనా, నెలలు నిండిన వాళ్లైనా, ఆ చేతిలో చెయ్యి పెట్టి “అబ్బా” అన్నవాళ్లు లేరు. మహబూబ్ బాషా నెల్లూరులో బి.ఏ. చదివి, ఈ ఊరి హైస్కూల్లో మాస్టరయింది ఆ ఎడమచేతి చలవ వల్లనే.

ఆ మాస్టరు మధ్యాహ్నం బడిలో భోజనాల గంట కొట్టగానే వచ్చాడు. చెప్పులు విడవకముందే అక్తరున్నీసా అడిగింది.

“ఆ డాక్టరు చెప్పిందంతా నువ్వు నోటుపుస్తకంలో రాసుకున్నావు గదా. తీసి చదువు.”

“అక్కా, అవన్నీ ఇంగ్లీషు మాటలు...”

“తెలుగులో చదువు. నిన్ను చదివించింది ఎందుకు?”

బాషా బావ వైపు చూశాడు. ఖాజా మొహిద్దీన్ తల దించుకున్నాడు. నాగూర్‌బీ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద చతికిలబడింది.

“చదవరా. నాకూ తెలియాల. నా మాట ఎవరూ వినలేదు గానీ, ఇదంతా మలారం తాడు ఒత్తుకుని కట్టిన గడ్డ. ఆముదం కాచి రాసి ఉంటే ఈపాటికి కరిగిపోయుండును.”

“మూడు నెలలు రాసినాం గదా వదినా,” అంది అక్తరున్నీసా నెమ్మదిగా.

అది నిజమే. తాడు ఒరుసుకునే చోటుకు కాస్త కింద, చింతగింజంత గట్టిగా తగిలినప్పుడు, తప్పంతా తాడుదే అనుకుంది ఆమె కూడా. మలారాన్ని కుడి భుజానికి మార్చింది. తాడుకు పాత చీర పేలిక చుట్టింది. రోజూ ఆముదం రాసింది. తాడు మారినా గింజ కదలలేదు. ఇంట్లో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. గాజులమ్ముకునే వాళ్లకు భుజం కాయలు కాయడం కొత్తేమీ కాదు.

బాషా పుస్తకం తెరిచాడు. బడిలో పాఠం చెప్పేటప్పుడు ఖంగుమనే గొంతు, ఇప్పుడు పీలగా వచ్చింది.

“రెండు దారులుండాయన్నాడు. మొదటిది పెద్ద ఆపరేషను. రొమ్మూ, దాని కింద ఎదకండలూ, చంకలో ఉండే గ్రంథులూ, మొత్తం తీసేస్తారు. డెబ్భై ఏళ్లుగా చేస్తున్నది. డాక్టర్లకు చెయ్యి తిరిగినది. కానీ తర్వాత భుజం పైకి లేవడం కష్టం. కొందరికి ఆ పక్క చెయ్యి వాస్తుంది. రవిక చెయ్యి పట్టనంతగా వాచేవాళ్లూ ఉంటారు. వాస్తే మళ్లీ పూర్తిగా తగ్గదు.”

అక్తరున్నీసా కుడిచెయ్యి తెలియకుండానే ఎడమ మణికట్టును పట్టుకుంది.

“రెండోది?”

“రొమ్ము వరకే తీస్తారు. కండల జోలికి పోరు. పుండు మానినాక, మద్రాసులోనే ఉండి అయిదారు వారాలు కరెంటు పెట్టించుకోవాల. ఎదకూ చంకకూ.”

“కరెంటా!” నాగూర్‌బీ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “తీగె తగిలి కాకులు రాలిపోవడం చూడలా?”

“ఆ కరెంటు కాదు నాగూరక్కా. కంటికి కనిపించని వెలుతురు. దాంతో మిగిలిన జబ్బు మాడిపోతుంది. చర్మం కమిలి నల్లబడుతుంది. భుజం కొంచెం బిగుసుకోవచ్చు. చెయ్యి వాచే భయం అసలు లేదనలేదు, తక్కువన్నాడు.”

“ఏది చేస్తే బతుకుతానన్నాడు?”

బాషా పేజీ తిప్పాడు. తిప్పిన పేజీని మళ్లీ వెనక్కి తిప్పాడు.

“అది చెప్పరా.”

“గడ్డ చిన్నది, తొందరగానే వచ్చినారు, చంకలో ఏమీ చేతికి తగలడం లేదు అన్నాడక్కా. ఇట్లాంటి వాళ్లలో, రెండో పద్ధతి చేసినవాళ్లూ అయిదేళ్లకు ఇంచుమించు అంతేమంది బతికి ఉండారని తెల్లవాళ్ల సీమలో ఒకాయన లెక్కలు రాసినాడంట. కానీ డాక్టర్లందరూ ఒప్పుకోలేదు. ‘నేను రెండూ చేస్తాను, ఒట్టేసి చెప్పమంటే ఏదీ చెప్పలేను’ అన్నాడు. గడ్డ మటుకే తీసి కరెంటు పెట్టేవాళ్లు కూడా వేరే దేశాల్లో ఉండారంట. దాని మీద ఆయనకే ఇంకా నమ్మకం లేదు, చేయనన్నాడు.”

“అంటే, ఏది కావాలో చెప్పమన్నాడు.”

బాషా పుస్తకం మూసేశాడు.

“ఎవరిని చెప్పమన్నాడు?”

“...నిన్ను అడిగి చెప్పమన్నాడక్కా.”

ఖాజా మొహిద్దీన్ లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా బజారు వైపు వెళ్లిపోయాడు.

అక్తరున్నీసా అతని వెనక చూడలేదు. ఆమె మనసు ఎక్కడో ఉంది. రవిక చెయ్యి పట్టనంతగా వాచేవాళ్లు, అన్నాడు తమ్ముడు. అటువంటి చెయ్యే ఒకటి, పైట కింద, తన ఎదుటే ఉందా, ఇన్నాళ్లూ?

లేచి మలారం కుడి భుజానికి తగిలించుకుంది.

“యాడికే, ఈ ఎండలో?” అంది నాగూర్‌బీ.

“వెంకటశేషమ్మ గారింటికి.”

*

పద్మనాభయ్య గారి భార్య వెంకటశేషమ్మ ఆరేళ్లుగా గాజులు ఒక్క కుడిచేతికే తొడిగించుకుంటోంది. ఎడమచెయ్యి ఎప్పుడూ పైట కిందే ఉంటుంది. మొగుడూ పిల్లలూ చల్లగా ఉన్న మనిషి ఒక చెయ్యి బోసిగా పెట్టుకుంటే, అది ఏదో మొక్కు అనుకుంది అక్తరున్నీసా. ఒకరి మొక్కు గురించి ఇంకొకరు అడగకూడదు. అందుకని ప్రతిసారీ అర డజను గాజులు ఏరి, కుడిచేతికి తొడిగి, ఆ రెండో చేతి మాట ఎత్తకుండా లేచి వచ్చేది. ఆరేళ్ల కిందట ఆమె కడుపులో గడ్డకని మద్రాసు పోయి వచ్చిందన్నారు. ఆ మాట ఇప్పుడు మరోలా వినిపించింది.

వరి మడుల పక్క ఇల్లు. వెంకటశేషమ్మ వసారాలో కూర్చుని ఉంటే కోడలు వెనక నిలబడి జడ ముడివేస్తోంది.

“రా బూబమ్మా. నీకు ఒంట్లో బాగలేదంట గదా, ఆ బరువెందుకు మోసుకొచ్చినావు?”

“అమ్మా, ఒక మాట అడుగుతా. తిట్టాలనిపిస్తే తిట్టు.” అక్తరున్నీసా మలారం దించింది. “నీ ఎడమచెయ్యి ఒకసారి చూపించు.”

వెంకటశేషమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. తరవాత కోడలితో, “మజ్జిగ తీసకరా పాపా, తొందరేం లేదు” అంది. కోడలు లోపలికి పోయింది.

పైట తొలగింది. భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యి నిండా నీరు పట్టినట్టు బరువుగా, నున్నగా ఉంది. మణికట్టు ఎక్కడో తెలియడం లేదు. అలవాటు కొద్దీ అక్తరున్నీసా దాన్ని తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలి కింద మెల్లగా ఒత్తింది. ఒత్తిన చోట గుంట పడి, అట్లాగే నిలిచింది. ఈమెకు ఒకప్పుడు రెండుంబావు సైజు గాజు సులువుగా జారేది.

“నేను మొక్కనుకున్నానమ్మా. ఆరేళ్లుగా.”

“మొక్కా!” వెంకటశేషమ్మ పకపకా నవ్వింది. “చెయ్యి బోసిగా పెట్టుకుంటానని ఏ దేవుడికి మొక్కుతారే పిచ్చిదానా?”

నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అక్తరున్నీసా ఆ చెయ్యి వదల్లేదు.

“నీకూ అదేనా?”

“అదేనమ్మా. ఎడమ పక్కే.”

“ఎంతుంది?”

“చింతగింజంత.”

“నాది నిమ్మకాయంత అయినాక పోయినా. చంకలో కూడా దిగిందన్నారు. సిగ్గుపడి ఏడాది దాచుకున్నా గదా.” వెంకటశేషమ్మ గొంతు తగ్గించింది. “జడ వేసుకోలేను. తలుపు గడియ తీయలేను. ఈ చేతికి గాయం కాకూడదన్నారు. ముల్లు గీసుకున్నా జ్వరం వచ్చి మంచాన పడతా. అందుకే గాజు వద్దన్నా. కానీ బూబమ్మా, బతికుండా. ముగ్గురు మనవళ్లను చూసినా. చిన్నోడు ఈ చెయ్యే మెత్తగా ఉందని దీని మీదే తల పెట్టుకుని పడుకుంటాడు.”

“నీకు రెండోది చెప్పలేదా? కరెంటు పెట్టేది?”

“నాకెవరు చెప్పినారు? మా ఆయనకు చెప్పినారేమో. కళ్లు తెరిచేసరికి కట్టు ఉంది. అడిగుంటే పెద్దదానికే సరే అనుందును, నా జబ్బు ముదిరింది గదా. అయినా, అడిగుంటే బాగుండేది.”

కోడలు మజ్జిగ తెచ్చి పెట్టి, సంగతి కనిపెట్టిన దానిలా మళ్లీ లోపలికి పోయింది.

“నన్నేం చేయమంటావమ్మా?”

“ఆ మాట నన్నడగబాక. నాదీ నీదీ ఒకటి కాదు. నా చెయ్యి చూసి భయపడి వద్దనబాక. నేను బతికుండానని చూసి సరే అనబాక. కోసిన వాళ్లందరికీ ఇట్లా వాయదంట కూడా. ఆ డాక్టరు నోటితో చెప్పింది నీ చెవితో విను.”

అక్తరున్నీసా గ్లాసు ఎత్తి మజ్జిగ మొత్తం తాగేసింది. నిన్నటి నుంచి కడుపులో పడింది ఇదే మొదలు. వెంకటశేషమ్మ చూసి, ఇంకో గ్లాసుకు కేకేసింది.

*

ఇంటికి వచ్చేసరికి ఖాజా మొహిద్దీన్ వసారాలో ఉన్నాడు. నాగూర్‌బీ ఏమందో ఏమో, అతని ముందు అన్నం కంచం ముట్టకుండా ఉంది. ఆమె మలారం దించబోతుంటే లేచి అందుకుని కొక్కేనికి తగిలించాడు. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు.

పెరట్లో నాగూర్‌బీ అవసరం లేని గిన్నెలు కూడా తోముతోంది.

“మా అమ్మ ఎట్లా పోయిందో నీకు చెప్పలేదు,” అన్నాడు అతను చివరికి.

“జ్వరమన్నావు.”

“అందరికీ అట్లాగే చెప్పినాం. ఇదే. పైట కింద దాచిపెట్టింది, మా నాయనకు కూడా తెలియనీయలా. పుండు పడినాక వాసనకు తెలిసింది. నాకు పన్నెండేళ్లు. వేపాకు కాచిన నీళ్లు నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి. గదిలోకి రాబాక అనేది, గడప దగ్గరే పెట్టి పొమ్మనేది.”

అక్తరున్నీసా అతని వైపు తిరిగింది. పాతికేళ్ల కాపురంలో ఈ మాట ఇప్పుడు వింటోంది. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“డాక్టరు మొత్తం తీసేస్తానంటుంటే, నాకు రెండో మాట చెవికెక్కలా. మొత్తం తీసేయమన్నా. ఒక్క వేరు కూడా ఉండకూడదు. నాకు నీ చెయ్యి వద్దు, నీ గాజులు వద్దు. నువ్వు ఆ మూలన కూర్చుని నన్ను తిడతా ఉంటే చాలు.”

“ఆ చెయ్యి కూడా నేనేనయ్యా.”

అతను కంచం పక్కకు జరిపాడు.

“నా చెయ్యి పోతే తిండికి భయమని కాదు. నా మాట విను. పొద్దున లేచి ఏ ఊరికి పోయినా, నా చేతిలో చెయ్యి పెడతారు. కోపంగా ఉన్న కోడలు పెడుతుంది, ఏడ్చి వచ్చిన పిల్ల పెడుతుంది. ఒత్తుతుంటే మెత్తబడుతుంది, మాట బయటికొస్తుంది. ఇరవై రెండేళ్లు అట్లా బతికినా. అది పోగొట్టుకోవాలంటే పోగొట్టుకుంటా, బతకడానికి అదొక్కటే దారయితే. కానీ రెండు దారులుండాయని చెప్పి, నాకు నచ్చిన దారిన నన్ను పోనీ.”

“ఏదన్నా అయితే? కరెంటు సరిపోక మళ్లీ వస్తే? చిన్నది చాల్లే అని నేను తల ఊపినందుకు...”

“నీ తలతో పనేముంది? ఊపేది నేను.”

నాగూర్‌బీ వచ్చి గడపలో నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“చెయ్యి పోతే మలారం నేను మోస్తాలే,” అంది బొంగురు గొంతుతో.

“నువ్వా వదినా? ఊరి పొలిమేర దాటకముందే పడతావు.”

“పడితే పడతా. గాజులు పగులుతాయి గానీ నాకేమవుతుంది?”

అక్తరున్నీసా నవ్వింది. ఖాజా మొహిద్దీన్ ఆ నవ్వు విని ఒక్కసారి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె అతని కుడిచేతిని లాక్కుని తన ఎడమచేతిలో పెట్టుకుని, బొటనవేలి కింద ఒత్తడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ బిగుసుకున్న వేళ్లు సడలాయి.

సాయంత్రం బడి నుంచి వచ్చిన బాషా, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“అక్కా, నేను చేసింది తప్పే. నీకు భయమేస్తుందని...”

“భయం వేసింది. వేయనీ. లోపలికి రా,” అంది ఆమె. “సోమవారం నువ్వూ రావాల. ఆ డాక్టరుకు తెలుగు రాదు, నాకు తెలుగు తప్ప రాదు. నేను చెప్పిన మాట చెప్పినట్టు ఆయనకు చెప్పు. ఆయన చెప్పింది ఒక్క ముక్క తగ్గించకుండా నాకు చెప్పు. మంచిదయినా చెడ్డదయినా.”

“చెప్తానక్కా.”

“రొమ్ము వరకే తీసి కరెంటు పెట్టమంటా. నా మనసు దాని మీదికే పోతుండాది. కానీ ముందు ఒకటి అడగాల. కోసి చూసినాక చంకలో కూడా ఉందని తేలితే ఏం చేస్తారు, అప్పుడు నన్ను లేపి అడుగుతారా, లేక వాళ్లే చేసేస్తారా?”

బాషా జేబులో నుంచి పెన్సిల్ తీసి రాసుకున్నాడు. ఇంత సూటి ప్రశ్న వరండాలో నిలబడ్డ ఇద్దరు మగవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

ఖాజా మొహిద్దీన్ ఆ నోటుపుస్తకం వైపు వంగాడు.

“బాషా, నేను సంతకం పెట్టిన ఆ కాగితం... పెద్ద ఆపరేషనుకని పెట్టింది. మొగుడి సంతకం ఉంటే చాలన్నారు గదా ఆ రోజు ఆసుపత్రి ఆఫీసులో. దాన్ని మళ్లీ కొట్టేయనిస్తారా?”

బాషా నోటుపుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. అందులో ఆ సంగతి లేదు.

“తెలియదు బావా,” అన్నాడు.

ముగ్గురూ అక్తరున్నీసా వైపు చూశారు. ఆమె భర్త చెయ్యి ఇంకా వదల్లేదు.

“అయితే సోమవారం దాకా ఎందుకు?” అంది. “రేపు పొద్దున మొదటి బస్సుకే పోదాం. నా పేరు పిలవకముందే పోయి, ఆ కాగితం చూపించమని అడుగుదాం.”